సొంత పిల్ల క్లిప్పు

బట్టల క్లిప్పులు ఈ రోజుల్లో బొత్తిగా మన్నడం లేదు. మూడు డజన్లు కొంటే వారం తిరక్కుండా సగం స్ప్రింగులు ఊడి మంచం కిందకి పోతాయి. మిగిలిన సగం టీచరమ్మ బడికి పట్టుకుపోయింది. అందుకని వాళ్ళాయన బనియన్లు గాలి వేసినప్పుడల్లా పక్కింటి బాల్కనీకి చుట్టపుచూపుగా వెళ్ళొస్తున్నాయి.

బడిలో క్లిప్పులెందుకంటే, ఆవిడ చెప్పే ఒకటో తరగతి గోడకి పొడుగాటి అట్ట ఒకటుంది. పైన ఆకుపచ్చ, మధ్యన పసుపు, అడుగున ఎరుపు. ఒక్కో పిల్ల పేరు రాసి ఒక్కో క్లిప్పు. అల్లరి చేసినవాళ్ళని ఆవిడ పక్కకి పిలిచి, "ఏం జరిగింది నాన్నా? ఇంకోలా ఏం చేసుండచ్చు?" అని అడిగి, చెప్పిందంతా విని, ఆ తర్వాతే క్లిప్పు దించాలా వద్దా తేలుస్తుంది. మంచేదో చెడేదో పిల్లలే ఆలోచించుకోవాలని ఆవిడ పట్టుదల. దాని మీద మూడు రోజులు ట్రైనింగు కూడా అయింది. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి టీవీ పైన తగిలించారు, వచ్చినవాళ్ళెవరూ చూడకుండా తప్పించుకోలేనట్టు.

ఈ ఏడాది వచ్చిన చిక్కల్లా, కూతురు చిట్టి ఆ క్లాసులోనే పడింది.

మొదటి రోజే గేటు దగ్గర ఒక తల్లి, "పాప మీ క్లాసేనటగా మేడమ్? ఇంకేం, ఆడింది ఆట!" అని నవ్వింది. ఆ నవ్వు టీచరమ్మకి ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజు నుంచీ చిట్టికి విచారణలు రద్దు. "చిట్టి గిల్లింది టీచర్" అని ఎవరన్నా సరే, మాట పూర్తయ్యేలోపు క్లిప్పు ఎరుపులో ఉండేది. "మేడమ్‌కి తన పర తేడా లేదండీ" అని గేటు దగ్గర తల్లులు చెప్పుకుంటుంటే, ఆవిడ సర్దిన సంచీనే మళ్ళీ సర్దుకుంటూ అక్కడే నిలబడేది.

పిల్లలేమన్నా తక్కువ తిన్నారా? రంగునీళ్ళు ఎవరు ఒలకబోసినా చిట్టే. సుద్దముక్క ఎవరు కొరికినా చిట్టే. చిట్టి జ్వరమొచ్చి బడికి రాని రోజు కూడా ఒకడు అలవాటు కొద్దీ "చిట్టే టీచర్" అన్నాడు. ఆవిడ లేచి, అట్ట దాకా వెళ్ళి, ఖాళీ బెంచీ చూసి ఆగింది. వాడికి బొత్తిగా బుద్ధి లేదనుకుంది.

ఇవాళ మధ్యాహ్నం కథల పుస్తకంలో ఏనుగు తల ఎవరో చింపేశారు.

"ఎవరు చింపింది?" అంది టీచరమ్మ.

ఎవరూ నోరు విప్పకముందే చిట్టి నడుచుకుంటూ వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, తన క్లిప్పు తీసి ఎరుపులో పెట్టుకుంది.

"ఏయ్, పొద్దుట్నుంచీ నా పక్కనే కూర్చుని పెన్సిళ్ళు చెక్కుతున్నావు కదే!"

"అవును టీచర్."

"మరెందుకు పెట్టుకున్నావ్?"

"మీరు లేచి రావాలి కదా టీచర్. మీకు మోకాళ్ళ నొప్పులుగా."

క్లాసంతా కిసుక్కుమంది.

సాయంత్రం ఇంటికొచ్చాక చిట్టి బూట్లు విప్పుకుంటూ, "టీచర్, నన్ను బి సెక్షన్‌కి పంపిస్తారా?" అంది.

"ఇంట్లో అమ్మా అనవే. అక్కడేముందని?"

"అక్కడ తప్పు చేస్తేనే ఎరుపట."

పేపరు చదువుతున్న వాళ్ళాయన తలెత్తకుండానే, "పోనీ పంపెయ్. నీ క్లాసులో నీ పిల్లే నిలవలేదంటారు, అంతేగా" అన్నాడు ధైర్యం చెబుతూ.

రేపు తల్లిదండ్రుల మీటింగు. చిట్టి నెల ప్రవర్తన కాగితం బల్ల మీద ఉంది. ఇరవై రెండు ఎరుపులు. కింద రెండు సంతకాలు కావాలి, టీచరుదొకటి, తల్లిదొకటి. టీచరు సంతకం మధ్యాహ్నమే పడిపోయింది. పిల్లని పక్క సెక్షన్‌కి మార్చి ఊరుకోవాలా? అందరి ముందూ నిలబడి ఆ ఇరవై రెండూ అబద్ధమని చెప్పాలా? చెబితే ఆ తల్లులేమంటారో ఆవిడకి తెలుసు. చెప్పకపోతే చిట్టి ఏమీ అనదని కూడా తెలుసు. కలం పట్టుకుని గంటన్నర అయింది.

బాబ్బాబు, పిల్లల్ని పెంచినవాళ్ళు మీలో ఎవరన్నా ఉంటే కాస్త పుణ్యం కట్టుకోండి. ఆ రెండో గీత మీద ఏం రాయాలో చెప్పండి. బడి ఎనిమిదిన్నరకి.