నాలుగు ఫ్యాన్ల రేడియేటర్

పక్కింటి కోసనా పొద్దున్నే పాలగిన్నె తెచ్చి రుజిత్సా పాదాల దగ్గర పెట్టిపోతుంది, సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది. ఫ్రిజ్‌లో కన్నా అక్కడే పాలు బాగా నిలుస్తాయి. నిరుడు దునావ్ నది మీద గడ్డకట్టిన మంచు విరిగి వెలిమిర్ మునిగిపోయినప్పటి నుంచి, అతని భార్య రుజిత్సా ఒంటి మీద మంచు పేరుకుంటోంది. మొదట కాలివేళ్లు, తర్వాత మోకాళ్లు, ఇప్పుడు నడుము దాటింది. గుండెకి చేరితే ఇక తన చేతిలో లేదని డాక్టరు చెప్పి, మెడకి శాలువా బిగించుకుని వెళ్లిపోయాడు.

గది వెచ్చబెట్టడానికి గోడకున్న రేడియేటర్ చెయ్యి కాలేలా ఉంటుంది. ఆ వేడి ఆమె కుర్చీ దాకా వచ్చి చచ్చిపోతుంది.

కూతురు తియానా అమ్మని వదిలి బయటికి పోలేక ఇంట్లోనే కంప్యూటర్ మీద కదిలే బొమ్మలు చేస్తుంది. ఏడాదంతా ఒకటే బొమ్మ. పడవతాడు భుజాన వేసుకుని నాన్న ఇంటికి నడిచొస్తుంటాడు. ఆయన గడ్డం గాలికి కదిలేసరికి మిషన్ వేడెక్కి ఆగిపోతుంది. నాన్న ఎప్పుడూ వీధి మలుపు దాటడు.

మిషన్‌ని నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు చేస్తానని స్నేహితుడు రెల్యా వచ్చాడు. రెండు ఫ్యాన్ల రేడియేటర్ కంప్యూటర్ పెట్టె పైభాగంలో పడుతుంది, మూడు ఫ్యాన్లదైతే ముందువైపు ఇరుకిరుగ్గా పడుతుంది, ఏదో తేల్చమన్నాడు. ఇద్దరూ టేపు పెట్టి కొలుస్తూ రేడియేటర్, రేడియేటర్ అంటుంటే కుర్చీలోంచి సన్నటి గొంతు వచ్చింది.

"నాకోసమేనా తల్లీ? మంచి పని. ఆ గోడది ముసలిదైపోయింది, నాలాగే."

తియానా టేపు పట్టుకునే అమ్మ వైపు తిరిగింది. ఇది ఇల్లు వెచ్చబెట్టేది కాదని, మిషన్ వేడిని మోసుకొచ్చి బయట పారబోసేదని ఎలా చెప్పడం? పారబోస్తుంది సరే. ఎక్కడ?

"అన్నిటికన్నా పెద్దది ఏది?" అని రెల్యాని అడిగింది.

"నాలుగు ఫ్యాన్లది. పెట్టెలో పట్టదు. పిల్లి మెడకి ఎద్దు కాడి కడతావా?"

"పెట్టెలో వద్దు. పొడుగు గొట్టాలు వేసి అమ్మ కుర్చీ పక్కన నిలబెట్టు."

రెల్యా నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. కానీ ఫ్యాన్లు ఊదితే ప్రొమాయా సంగతేంటన్నాడు. కిటికీలోంచి వచ్చి తలుపులోంచి పోయే ఆ గాలి మనిషిని మంచాన పడేస్తుందని ఆ ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. కిటికీ, తలుపు ఒకేసారి తెరవడం రుజిత్సా ఇంట్లో ఎన్నడూ లేదు. చిన్న రేడియేటరైతే ఫ్యాన్లు అరుస్తూ తిరగాలి, పెద్దదైతే నిద్రపోయే పసిపిల్లలా ఊపిరి వదిలితే చాలని మళ్లీ తనే అన్నాడు.

ఆదివారం గొట్టాల్లో నీళ్లు నింపారు. అప్పటికి మంచు పక్కటెముకల మీదికి పాకింది. తియానా అమ్మ చెయ్యి పట్టుకుంటే వేళ్లు అతుక్కుపోయాయి. ఊడదీసుకుని మీట నొక్కింది.

తెర మీద నాన్న నడవడం మొదలెట్టాడు. ఆ నడకలోంచి పుట్టిన వేడిని నీళ్లు మోసుకొచ్చాయి, ఫ్యాన్లు మెల్లగా అమ్మ మీదికి ఊదాయి. ఆమె దగ్గర చల్లారి నీళ్లు వెనక్కి పోయాయి. ఈసారి మిషన్ ఆగలేదు. నాన్న మలుపు దాటాడు.

"తడి బూట్ల వాసన" అంది రుజిత్సా కళ్లు మూసుకుని.

ఆమె గౌను అంచు నుంచి ఒక చుక్క రాలింది. తర్వాత ఇంకోటి. సాయంత్రం కోసనా వచ్చేసరికి గిన్నెలో పాలు విరిగిపోయి ఉన్నాయి. ఆవిడ గుడ్డ తెచ్చి నేల తుడిచింది.

తెర మీద నాన్న గుమ్మం దగ్గర తాడు దించాడు. రుజిత్సా నుదుటి చెమట తుడుచుకుంది.

"ఉక్కపోస్తోంది తల్లీ" అంది. "ఆ కిటికీ తియ్యి. తలుపు కూడా."