సూది పడని కార్డు

ఆవకాయ జాడీ మూతికి గుడ్డ కడుతుంటే మావారు సుందరరాజుగారు వచ్చి, ట్రంకుపెట్టె మీద రెండు కార్డులు పడేశారు. "నీదీ, రూతుదీ కూడా అయిపోయాయి. మా స్కూలు గుమాస్తా రాజబాబు ముద్ర వేయించుకొచ్చాడు" అన్నారు.

తెరిచి చూశాను. నా పేరు, వయసు, ఎల్లో ఫీవర్ టీకా వేసిన తేదీ, ఎవరిదో సంతకం. ఆ తేదీన నేను బందరులో మా పెరట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాను.

అది అరవై ఒకటో సంవత్సరం వేసవి. మావారికి ఇథియోపియాలో లెక్కల మాస్టరు ఉద్యోగం వచ్చింది. మరో మూడు వారాల్లో బొంబాయిలో ఓడ ఎక్కాలి. అక్కడ కొన్ని చోట్ల దోమకాటుతో వచ్చే ఈ జ్వరం ఊళ్లను ఊడ్చేస్తోందట. వస్తే మందు లేదు, ముందు వేయించుకునే టీకా ఒక్కటే దిక్కు. నీళ్లు కాచి తాగాలి, చెరువుల్లో దిగకూడదు, పచ్చికూరలు కడగనిదే ముట్టకూడదు, దోమతెర లేకుండా పడుకోకూడదు. ఇవన్నీ ఆయన ఆదివారం ప్రార్థన అయ్యాక అందరికీ గొప్పగా చదివి వినిపించారు. ఆ కాచడం, కడగడం, తెర కట్టడం ఎవరి పనో ఎవరూ అడగలేదు. పెళ్లికి ముందు అయిదేళ్లు నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుని. బందరులో సగంమందికి నా చేతి సూది పడింది. "ఇంక ఆ మందుల వాసన వద్దు ప్రేమా" అని మా పెళ్లయిన వారానికే ఆయనంటే మానేశాను. అది ప్రేమేననుకుని మురిసిపోయాను కూడా.

"సూది పడకుండా ముద్రేంటండీ?"

"అది ఇక్కడ వెయ్యరు, మద్రాసు వెళ్లాలి. పిల్లతో అంతదూరం నీకు కష్టం. అయినా ఇంట్లో ఉండేదానివేగా!"

మద్రాసు ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు తను మాత్రం వేయించుకునే వచ్చారు.

"దోమ ఇంట్లోకి రాదా? వస్తే ఈ కార్డు చూపించమంటారా?"

"ప్రతిదానికీ నర్సులా మాట్లాడకు."

నర్సునే కదా అనబోయి ఊరుకున్నాను. ఎనిమిదేళ్లుగా ఇలా ఎన్నోసార్లు ఊరుకున్నాను. కానీ ఈసారి రెండో కార్డు మీద నా బిడ్డ రూతు పేరుంది. దానికి అయిదేళ్లు.

పెరట్లో చేపలు తోముతున్న అత్తయ్య దేవమ్మగారు బూడిద చేతులతోనే గుమ్మంలోకి వచ్చారు.

"రాజూ, మీ నాన్న రంగూను మిల్లుకి వెళ్లేటప్పుడు టీకా వేయించుకున్నాడు. నాకూ బిడ్డకీ ఎందుకన్నాడు. ఇంట్లో ఉండేవాళ్లేగా అన్నాడు."

"బిడ్డేంటమ్మా?"

"నీకంటే ముందు పుట్టింది. మూడేళ్లు. మశూచి సోకింది. అక్కడే మట్టి చేసి వచ్చాం."

మావారు గోడకి చేరగిలబడ్డారు. నలభై ఏళ్లుగా ఆ బిడ్డ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"పేరేంటి అత్తయ్యా?" అన్నాను.

"సలోమి." ఆ పేరు పలకడం ఆవిడకి ఎంత కష్టమైందో పెదవులు చూస్తే తెలిసింది.

నేను లేచి ఆ రెండు కార్డులూ పొయ్యిలో పెట్టాను. "రేపు పొద్దున్న బండికి మేం మద్రాసు వెళ్తున్నామండీ" అన్నాను. అత్తయ్య, "నేనూ వస్తా. దారిలో పిల్లని ఎవరెత్తుకుంటారు?" అన్నారు.

మద్రాసులో టీకాలు వేసే డాక్టరుగారు తెలుగాయనే. "మీవారు రాలేదా అమ్మా?" అని అడిగారు.

"ఆయనది అయిపోయిందండీ. ఇవి మావి."

కాగితం నింపుతూ, నన్నడక్కుండానే ఉద్యోగం దగ్గర గీత గీయబోయారు. "నర్సు అని రాయండి" అన్నాను. ఆయన కలం ఆపి తలెత్తారు. నేను ఎక్కడ చేశానో, ఎన్నేళ్లు చేశానో అడిగారు. "అక్కడ ఆసుపత్రులకి నర్సులు చాలడం లేదమ్మా. అర్జీ పెట్టుకున్నారా?" అన్నారు. పెట్టుకోవచ్చని నాకు ఎవరు చెప్పారు గనక! రూతు సూదికి కెవ్వుమంది. అత్తయ్య దాన్ని భుజానేసుకుని వరండాలో తిప్పుతుంటే, నేను అక్కడి బల్ల మీదే కూర్చుని డాక్టరుగారిచ్చిన కాగితం మీద రాశాను. ఎనిమిదేళ్ల తర్వాత రాసిన ఇంగ్లీషు. మొదటి రెండు వాక్యాలకే చెమట పట్టింది. ఆ తర్వాత కలం దానంతటదే నడిచింది.

మర్నాడు బందరు స్టేషనుకి మావారు వచ్చారు. నిద్రలేని కళ్లు. రూతుని ఎత్తుకుని, "చెయ్యి నొప్పిగా ఉందా?" అన్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు.

"కొంచెం. అక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి అర్జీ రాశానండీ."

ఆగిపోయారు. "ఇంగ్లీషులోనా? ఏదీ, ఇటియ్యి, తప్పులుంటే దిద్దుతాను."

"మద్రాసులోనే పోస్టు చేసేశాను."