సన్నమంట

ఎనభయ్యారు వరద తర్వాత గోదారి మళ్ళా బూర్గంపాడు ఇళ్ళలో నిలబడ్డ ఏడు. వాడంతా తలదాచుకున్న గుట్టవార బడి వరండాలో గొంతుక్కూర్చుని, వెంకటప్పయ్య పంపుస్టవ్ నాజిల్లో పిన్ను పొడుస్తున్నాడు. మసి ఇంకిన వేళ్ళు, పంపు కొట్టీ కొట్టీ ఒకవైపు వంగిన భుజం. సైకిలేసుకుని ఊరూరా స్టవ్‌లు బాగుచేస్తూ ముసలివాడైపోయాడు.

వెనక గోడవారన అతని భార్య జంపక్క గోనెపట్టాలో ముడుచుకుని వణుకుతోంది. చలిజ్వరం తిరగబెట్టింది. పడవ వస్తే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోవాలి. అందాకా ఆమె ఒంట్లో వేడి నిలపాలి. కట్టెలన్నీ తడిసిపోయాయి. ఉన్నది ఈ స్టవ్, అందులో కాస్త గ్యాసునూనె.

మూకుట్లో ఉప్పు పోసి పెట్టాడు. రెండు దెబ్బలు పంపు కొట్టి, గాలి వదిలే మర సడలించాడు. మంట నీలంగా, చామంతి రేకంత సన్నగా కూర్చుంది. కాగిన ఉప్పును ఆమె పాతరైక గుడ్డలో మూటగట్టి అరికాళ్ళకు కాపడం పెట్టాడు.

“ఏంది మామా, గా మంటకు చీమగ్గూడ చెమట పట్టదు,” అంది పక్కింటి నాగలక్ష్మి.

“పడవొచ్చేదాంక రావాలె గద నూనె.”

జంపక్క కళ్ళు తెరవకుండానే నవ్వింది. “ఊరోళ్ళ స్టవ్‌లన్నీ బుస్సుమనిపిస్తడు. ఇంట్ల మాత్రం గిదే గుడ్డిమంట. ఎన్నడన్న యాళకు తిన్ననా?”

“ఉడికిందే తిన్నవ్ గదనే. జర ఆలస్యంగ.”

“అవ్. ఆలస్యంగ.”

మధ్యాహ్నం పడవ మోత వినబడింది. అందరూ లేచి నిలబడ్డారు. ఎదురు వరద తట్టుకోలేక అది వెనక్కి తిరిగిపోయింది. ఇక తెల్లారితేనే అన్నారు. వెంకటప్పయ్య మర ఇంకొంచెం సడలించాడు.

ఇప్పుడు ఉప్పు కాగడం లేదు, గోరువెచ్చనవుతోంది అంతే.

“ఏమయ్యా, జర పెద్దగ పెట్టు. ఒక్క తాప.”

“రాత్రికి గావాలె. ఓర్చుకో.”

ఆమె ఓర్చుకుంది. అలవాటే.

పొద్దుగూకే వేళ మూట మార్చబోతే కాళ్ళు వణకడం లేదు. జ్వరం దిగిందనుకున్నాడు. గోనెపట్టా సర్ది, నూనె మిగులుతుందని మంట ఆర్పేశాడు. నాగలక్ష్మి వచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

తెల్లారింది. సాగనంపే ముందు ఆమెకు వేడినీళ్ళు పోయాలి. ఎవరి దగ్గరా పొడిపుల్ల లేదు. వెంకటప్పయ్య స్టవ్ ఎత్తి చెవి దగ్గర ఊపాడు. లోపల నూనె గలగలమంది. కాసేపు అట్లాగే పట్టుకున్నాడు. తర్వాత కూర్చుని మర బిగించాడు. చెయ్యి లాగేదాకా పంపు కొట్టాడు. బడి దద్దరిల్లేట్టు మంట బుస్సుమని లేచింది. నీళ్ళు చూస్తుండగానే మసిలాయి.

“చాలు మామా, కాగినయ్.”

అతను మర ముట్టుకోలేదు. ఇంకా కొట్టాడు.

గోడవారన, రైకగుడ్డలో కట్టిన ఉప్పుమూట రాత్రి తేమకు చెమ్మగిల్లి, బండ మీద సన్నగా నీరు కారుతూ ఉంది.