ఊరికుట్టు

సంచి మూతిని రెండు మడతలు వేసి, ఎడమ మూల గోనెను పిడికిలంత చెవిగా మెలితిప్పి, దాని చుట్టూ పురికొస బిగించి, ఆయన దబ్బనం గుచ్చాడు. ఇటు గుచ్చి అటు లాగడం, వెనక్కి గుచ్చి మళ్ళీ ఇటు లాగడం. కుడి మూలకు చేరేసరికి ఇంకో చెవి, దాని మెడకు ముడి, ఆ ముడి మీద మరో ముడి. దబ్బనం మొనతో ముడిని గోనె లోపలికి తోసేసి "లే!" అన్నాడు. హమాలీ వంగి రెండు చెవులూ పట్టుకుని సంచిని వీపుకెత్తుకున్నాడు. ఆయన అప్పటికే పక్క సంచి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు.

గోదాములో అందరూ ఆయన్ని దబ్బనం అనే అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఎవరికైనా గుర్తుందో లేదో. మనిషీ అలాగే ఉంటాడు లెండి, సన్నగా, పొడుగ్గా, కొసన కాస్త వంగి. ఆమధ్య షావుకారు కుట్టుమిషను తెప్పించాడు. అది నాలుగు రోజులు కుట్టి, మొరాయించి మూల కూర్చుంది. ఈయన మాత్రం ఏనాడూ కూర్చోలేదు.

ఆ పొద్దున గుమాస్తా పరుగున వచ్చాడు. ప్రభుత్వం బియ్యం ఎగుమతి ఆపేసింది. సాయంత్రం రేవు గేటు మూసేలోగా లోపలికి చేరిన సరుకే ఓడెక్కుతుంది. పైగా లారీలన్నిటికీ కలిపి ఒకటే అనుమతి. ఒక్కటి ఆగిందా, అన్నీ ఆగినట్టే.

"బాబాయ్, ఈ సరుకు పోతే గోదాము ఉంటుంది. పోకపోతే రేపట్నుంచి తాళమే. షావుకారు తేల్చి చెప్పేశాడు. అన్నీ ఓడకుట్టే వెయ్యి, గుర్తుంచుకో."

"నాకా చెప్తున్నావ్? అవతలికి జరుగు, వెలుతురుకి అడ్డం," అన్నాడాయన.

ఆ గోదాములో కుట్లు రెండు. ఓడకుట్టు అంటే ఇందాక చూసిందే, జోడు దారం, వెనక్కి మలిచిన కుట్టు, లోపల దాగిన ముడి. కత్తి పెడితే తప్ప ఊడదు. ఊళ్ళో దుకాణాలకు పోయే సంచులది ఊరికుట్టు. గొలుసులా అల్లుకుంటూ పోయి కుడి చెవి పక్కన తోక వదిలేస్తారు. ఆ తోక పట్టి లాగితే మూతి మొత్తం జర్రున విచ్చుకుంటుంది. ఇంటికి తీసుకెళ్ళే సంచికి ఆయన ఆ తోకను ఇంకాస్త పొడుగు వదిలేవాడు. ఆయన భార్యకు వేళ్ళు సరిగా ముడుచుకోవు, నీళ్ళల్లో నాని నాని కొంకర్లు పోయాయి.

ఆమె వీధి చివర కూలీలకు అన్నం పెట్టే కొట్టు నడుపుతుంది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చింది. చాన్నాళ్ళకు మొహం వెలిగిపోతోంది.

"రేడియోలో చెప్పారయ్యా! బియ్యం పై దేశాలకు పోనివ్వరట. ఇంక ధర దిగుతుంది!"

"దిగుతుంది. దాంతోపాటు నేనూ దిగుతాను, పనిలోంచి."

ఆమె మూత తీస్తూ ఆగింది. "నిన్న ఆ తాపీపనాయన మారు వడ్డించమంటే లేదన్నానయ్యా. చెయ్యి ఎండిపోతున్నా లేవకుండా నా మొహంలోకి చూశాడు. సిగ్గుతో చచ్చిపోయాను. బియ్యం కొనలేక అన్నం కొట్లో అన్నం లేదనడం ఏం బతుకు? ఈ ఓడ పోకూడదనే మొక్కుకుంటున్నా."

"పోవాలని నేను మొక్కుకుంటున్నా. పైవాడు ఎవరి మాట వింటాడో మరి."

నవ్వబోయి ఇద్దరూ నవ్వలేకపోయారు. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

"మొహం అలా పాలిపోయిందేం?"

"ఎండ."

"గోదాములో ఎండేమిటయ్యా? పొద్దున్నుంచీ ఆ ఎడమ భుజం రాసుకుంటున్నావు కూడా. సాయంత్రం డాక్టరు దగ్గరికి పోదాం."

"ముందు ఈ లారీలు పోనీ."

క్యారేజీ కొక్కెం ఆమె వేళ్ళకు లొంగలేదు. ఒకసారి జారింది, మళ్ళీ జారింది. ఆయన లాక్కుని టక్కున బిగించి ఇచ్చాడు. ఆమె వెళ్ళిపోయింది. ఆయనకు మాత్రం ఆ కొక్కెం మీద తడబడుతున్న వేళ్ళు కళ్ళముందు నుంచి కదల్లేదు.

చివరి లారీ మిగిలింది. గుమాస్తా కాలు గాలిన పిల్లిలా గోదాముకీ వాకిలికీ మధ్య తిరుగుతున్నాడు. "కానివ్వు బాబాయ్, కానివ్వు!" హమాలీలు పరుగులు పెడుతున్నారు. ఆయన చెమటతో తడిసిపోయాడు. భుజంలో పోటు మోచేతికి దిగింది. పోయిన నెల ఆమె బయట కొన్న సంచి ముడి విప్పలేక పళ్ళతో లాగితే చిగురు చిట్లి రక్తం వచ్చింది. పాపిష్టిదానా, కాస్త ఆగి నన్ను పిలవకూడదూ అని ఎంత తిట్టాడో. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఆయన దానివైపు చూడనేలేదు. లారీ కదిలింది.

హమ్మయ్య అనుకున్నారంతా. హమాలీల మేస్త్రీ టీ తెప్పించాడు.

దీపాల వేళకు లారీలన్నీ వెనక్కి వచ్చాయి.

గుమాస్తా దిగాడు. చేతిలో ఖాళీ గోనె. దాని మూతికి పురికొస తోక వేలాడుతోంది. గేటు దగ్గర తనిఖీవాళ్ళు చివరి లారీలోంచి ఒక సంచిని కొక్కెంతో లాగారట. కొక్కెం తోకకు తగులుకుంది. మూతి విచ్చుకుని బియ్యమంతా రోడ్డు పాలైంది. లారీ మొత్తం చూస్తే ఇలాంటివే ఒక వరుస ఉన్నాయి. కుట్టించుకుని రమ్మన్నారు. ఈలోగా గేటు మూసేశారు.

"ఓడ సరుక్కి ఊరికుట్టు వేశావు బాబాయ్," అన్నాడు గుమాస్తా.

ఆయన గోనె అందుకుని తోకను వేలికి చుట్టుకుని చూశాడు. మామూలు తోక కాదు. ఇంటి సంచికి వదిలేటంత పొడుగు.

"నాదే," అన్నాడు.

"అందరి పొట్టా కొట్టావు కదయ్యా!" అన్నాడు మేస్త్రీ. అనేసి తలతిప్పుకున్నాడు.

ఆయన లారీ దగ్గరికి వెళ్ళి, తోక ఉన్న సంచి ఒకటి దింపించుకున్నాడు. దాని ముందు మోకాళ్ళు వేసి దబ్బనానికి జోడు దారం ఎక్కించాడు.

"ఇప్పుడెందుకు బాబాయ్? అయిపోయింది."

"అయిపోతే అయింది. కుట్టు సరిగా ఉండాలి కదా."

అందరూ లారీల మీద పట్టాలు కప్పడానికి వెళ్ళారు. గుమాస్తా తాళాలు తీసుకుని తిరిగొచ్చేసరికి ఆయన నుదురు సంచికి ఆనించి ఉన్నాడు. దబ్బనం గోనెలోకి సగం దిగి ఆగిపోయింది. తోక అలాగే ఉంది.

"లే బాబాయ్, ఇంటికి పోదాం."

ఆయన లేవలేదు.

బియ్యం ధర దిగింది. గోదాము సరుకంతా ఊళ్ళోకే వచ్చింది మరి. కర్మకాండలయ్యాక ఆమె కొట్టు తెరిచింది. గోదాముకు తాళం పడింది. గుమాస్తా ఆ సంచిని తోపుడుబండి మీద తనే తోసుకుంటూ వచ్చాడు.

"పిన్నీ, ఇది బాబాయ్ కుట్టిన ఆఖరి సంచి. నీ దగ్గరే ఉండాలనిపించింది."

ఆమె మూతిని తడిమింది. "ఓడకు పోయే సంచికి తోకేమిటయ్యా?" అంది. గుమాస్తా నేల చూపులు చూశాడు. ఆమె తోక పొడుగు మరోసారి చూసుకుంది.

"ఓడ పోకూడదని నేను మొక్కుకున్నాను. ఆయన చెయ్యి నా మొక్కే తీర్చింది," అని గొల్లుమంది.

కొట్లో జనం నిండారు. తాపీపనాయన మారు అడిగాడు. ఆమె కళ్ళు తుడుచుకుని కొసరి కొసరి వడ్డించింది. ఎసట్లోకి బియ్యం చాలకపోతే, వేరే దుకాణం నుంచి వచ్చిన సంచిని ముందుకు లాక్కుని, కొంకర్లు పోయిన వేళ్ళతో కత్తి పట్టుకుని దాని ముడితో కుస్తీ పట్టింది.

మూలనున్న సంచి జోలికి పోలేదు. దాని మూతిలో దబ్బనం గుచ్చింది గుచ్చినట్టే ఉంది. కుడి చెవి పక్కన పురికొస తోక, చేతికి అందేలా, ఒక్కసారి లాగితే చాలన్నట్టు వేలాడుతోంది.