పందిరి జరిగిన పెళ్లి

గరివిడి దగ్గర పల్లెలో కూర్మయ్య కూతురు ఈశ్వరి పెళ్లి. ఇంటి వెనక వేరుశెనగ తీసేసిన చేను ఖాళీగా ఉండడంతో పందిరి అక్కడే వేద్దామనుకున్నారు. రాటలకు గోతులు తీయబోతే తీతువు ఒకటి కీచుగా అరుస్తూ మనుషుల తలల మీదుగా తిరగసాగింది. ఈశ్వరి వెళ్లి వెతికింది. గులకరాళ్ల మధ్య రాళ్లలాగే మచ్చలతో గుడ్లు కనిపించాయి.

"నాన్నా, ఇక్కడ తవ్వొద్దు. తీతువు గుడ్లెట్టింది."

ఆమె తల్లి గురమ్మకు దిగులు పట్టుకుంది. "పెళ్లింట్లో తీతువు కూతేటే? పెళ్లికొడుకు మామ్మకి పట్టింపులెక్కువ. ఇంటే ఏటంటాదో."

కూర్మయ్య వచ్చి గుడ్లు చూశాడు. అతని చిన్నతనంలో వేసవి వస్తే ఏ మెట్టలో చూసినా తీతువులే. బీళ్లన్నీ నీలగిరి తోటలయ్యాక, ట్రాక్టర్లు వచ్చాక వాటి కూతే కరువైంది.

"ఇన్నాళ్లకి మన సేనుకొచ్చింది. పందిరి రోడ్డు వేపు జరపండి," అన్నాడు.

వంటల గాడిపొయ్యి కూడా దూరంగా తవ్వించాడు. కుక్కలు రాకుండా గూడు చుట్టూ ముళ్లకంప వేశాడు.

పెళ్లినాటి పొద్దున మగపెళ్లివారి వ్యాను ఆగగానే తీతువు అరిచింది. పెళ్లికొడుకు మామ్మ లక్ష్మణమ్మ దిగుతూనే ఆగిపోయింది. గురమ్మ భర్త వంక చూసింది.

"తీతువు కదే అది?"

గడపలోంచి ఈశ్వరే జవాబిచ్చింది. "అవును మామ్మా. గుడ్లు పొదుగుతన్నాది. నేనే పందిరి జరిపించాను."

"మా ఊళ్లో దీని కూత ఇని ఎన్నేళ్లయిపోనాదో. ఏదీ, సూపించు."

పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పెళ్లికూతురు, ఆమె చెయ్యి పట్టుకుని ముసలమ్మ చేనులోకి నడిచారు. కాస్త ఎడంగా చతికిలబడ్డారు. పక్షి లేచి పక్కకు పరుగెత్తింది. ఒక గుడ్డు బీటలిచ్చి ఉంది.

పందిట్లోంచి పంతులుగారు కేక వేశారు, పెళ్లికూతుర్ని తీసుకురమ్మని.

"ముహూర్తానికింకా ఏళ ఉన్నాది కదా బాబూ. పిల్ల బయటికొస్తన్నాది, ఉండండి," అంది లక్ష్మణమ్మ.

తడి ఈకల పిల్ల పెంకులోంచి దొర్లి, లేచి, మళ్లీ కూలబడింది. మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతుంటే, ఈశ్వరికీ నవ్వు ఆగలేదు. ఇద్దరూ అలా నవ్వుకుంటూనే పందిట్లోకి వచ్చారు. గురమ్మ అప్పటికి ఊపిరి పీల్చుకుంది.

భోజనాలయ్యాక చుట్టాలంతా గట్టు మీద నిలబడి చూశారు. వెళ్లేముందు లక్ష్మణమ్మ మనవడితో అంది: "ఒరే, మన మెట్టలో గట్టువార నేల సెక్క వానలొచ్చేదాకా దున్నకు. ఒగ్గేయ్."

అతను దున్నకుండా ఒగ్గేశాడు. మరుసటి వేసవికి కాదు గానీ, ఆపై వేసవికి అక్కడా ఓ తీతువుల జంట దిగింది.