ఇబ్రిల కట్టిన మేకల కొట్టం

భూమేశ్‌కు ఒక్కటే రోగం. గోడ వంకర పెట్టుమంటె ఆయన చెయ్యి ఆడది. జగిత్యాల దిక్కు నుంచొచ్చి ఒమన్ దేశంల ఇబ్రిల తాపీ పట్టిన కాడ్నుంచి, ఆయన కట్టిన గోడను ఫోర్‌మన్ సుత ఇదేందని అన్నది లేదు. అసొంటోన్ని పట్టుకోని రూమ్‌మేట్ జావెద్ ఏమడిగిండో చూడుండ్రి.

"భూమేశ్ భాయ్, నాకోసం ఒక మేకల కొట్టం కట్టాలె. కాని మంచిగ కట్టద్దు."

జావెద్‌ది బంగ్లాదేశ్, నది ఒడ్డున ఊరు. ఏటా వానకాలం నది లేచి ఇంట్లకొస్తది. ఆ ఊరికి విదేశాల పైసలతోటి ఒక ప్రాజెక్టొచ్చింది. మొగోళ్లు గల్ఫ్ బాట పట్టకుంట ఊర్లనే బతకాలె, అదీ దాని మతలబు. గందుకని ముందుగాల ఇటుకలు, రేకులు ఇస్తరు. వాటితోటి కొట్టం కట్టి చూపెడితె మేకలిస్తరు. మంచి పనే, కాదనెటోడెవడు. కాకపోతె ఆ ప్రాజెక్టు ఊరు చేరేటాళ్లకు ఊర్లె మొగోళ్లు సగం మంది గల్ఫ్ చేరిన్రు. జావెద్ పెండ్లాం తయ్యబా మాత్రం, నా మొగడు ఊర్లెనే ఉన్నడని పేరు రాయించింది. ఇటుకలొచ్చినయ్, రేకులొచ్చినయ్. ఎన్కనే నీళ్లు గూడ వచ్చినయ్. తయ్యబా రేకులు తీసి ఇంటి మీద కప్పింది, ఇటుకలు మంచాల కింద, పొయ్యి కింద పేర్చింది. మేకల కంటె ముందు పిల్లలు తడవకుంట ఉండాలె గద. ఇది విన్నప్పుడు భూమేశ్ "నా పెండ్లామైనా గదే చేస్తుండె" అన్నడు.

ఇగ ఇప్పుడు ప్రాజెక్టు ఆఫీసరమ్మ, ముస్కాన్ అని, తయ్యబాకు ఫోన్ చేసింది. వరదకు తొవ్వలు బందైనయ్, నేను రాలేను, కొట్టం వీడియోల చూస్త, ముంగట నీ మొగడు నిలవడాలె అన్నది. జావెద్ ఒమన్‌ల ఉన్నడని తెలిసిందంటె మేకలు గోవిందా.

ఆ మేకలు జావెద్‌కు ఉత్త మేకలు గావు. ఇంట్ల నాలుగు మేకలు పడి, అవి ఈని మందైతె, ఈ వీసా అయిపోంగనే ఇంటికొచ్చి మల్ల కదలనని తయ్యబాకు మాటిచ్చిండు. ఆయన చిన్నబిడ్డ నాయిన అంటె ఫోన్ల ఉంటడనుకుంటది. ఆ ముచ్చట చెప్పుకుంట జావెద్ ఫోన్ల బిడ్డ ఫొటో తీసి చూపెట్టిండు. భూమేశ్‌కు పానం ఉసూరుమన్నది.

"సరే తియ్, కడ్త" అన్నడు.

జాగ ఇస్తారి చూపెట్టిండు. ఇస్తారి భూమేశ్ పక్కూరోడే. ఇబ్రి బయట యాసిర్ అనే ఒమానీ యజమాని, అర్బాబ్ అంటరు, ఆయన ఖర్జూర తోటల పని చేస్తడు, మేకల్ని చూసుకుంటడు. మేకలకు కొట్టం కావాలెనని యాసిర్ సిమెంటు బ్లాకులు తెచ్చి పడేసి ఎన్ని దినాలైందో, కట్టెటోడే దొరకలే. అటు అర్బాబ్ పనైతది, ఇటు జావెద్ పనైతది. శుక్రారం డ్యూటీ లేని పూట ముగ్గురు కలిసి మొదలువెట్టిన్రు.

"అన్నా, రెండు రోజుల్ల నిలవెడ్తె చాలు" అన్నడు ఇస్తారి.

చాలుతదా? భూమేశ్ తాడు పట్టిండు, గుండు యాలాడేసిండు, రసమట్టం పెట్టిండు. జావెద్ ఎన్కెన్కనే తిరుగుకుంట "భాయ్, మా ఊర్లె గిట్ల ఎవ్వరు కట్టరు. జర వంకర పెట్టు, ఒక మూల పెచ్చులూడినట్టుండనియ్యి" అని చెవుల పోరు పెట్టిండు. భూమేశ్ సరే సరే అన్నడు, వంకర పెడ్దామని ఒక వరుస పెట్టిండు గూడ. ఇవతలికొచ్చి నిలవడి చూసిండు. ఒళ్లంత జెర్రులు పాకినట్టయింది. మల్ల పోయి ఆ వరుస ఊడవీకి సక్కగ పెట్టిండు. ప్లాస్టరింగ్ ఎందుకంటె, అది సిమెంటు బ్లాకని ఆఫీసరమ్మకు తెల్వద్దు గద అన్నడు. కిటికీలెందుకంటె, మేకలకు గాలాడాలె గద అన్నడు. మేకల ఉచ్చ పోనీకి నేలకు వాటం పెట్టి, మూలకు మోరి తీసి, మోరికి గుండ్రంగ అంచు గూడ తీర్చిండు. ఆ అంచెందుకో మాత్రం చెప్పలే.

వీడియో పొద్దుగాల పెట్టుకున్నరు. వాళ్ల దిక్కు పొద్దు మునిగే యాళ్లకు ఇక్కడ ఇంక ఎండ దంచుతుంటది, దొరికిపోతరు. జావెద్ లుంగీ కట్టి, చినిగిన బనీను తొడిగిండు. అక్కడ ముసురు పట్టి ఉన్నది గనుక కొట్టం ముంగట నల్ల తార్పాలిన్ కట్టి మబ్బు చేసిన్రు. ఇస్తారి కొట్టం ఎనక పైపు పట్టుకోని రేకుల మీదికి నీళ్లు కొడుతుండు. అదీ వాన. భూమేశ్ ఫోన్ పట్టుకున్నడు.

ముస్కాన్ ఫోన్ల కనబడ్డది. ఆమె మాట్లాడేది బంగ్లానే అయినా, భూమేశ్‌కు హిందీ లెక్క సగం సమజైతనే ఉన్నది. జావెద్ ఎడమకు పోతె ఎడమకు, కుడికి పోతె కుడికి ఫోన్ తిప్పుతుండు. అంత మంచిగనే నడుస్తుంటె, ఎనక పికప్ బండి ఆగిన సప్పుడైంది. తెల్లటి దిష్‌దాషా, కాళ్ల దాక ఉండే అంగి, తొడుక్కోని యాసిర్ దిగిండు. తన తోటల, ఎండల, ఒకడు వాన కురిపిస్తుండు, ఒకడు వానల నవ్వుతుండు.

"ఏష్ హాదా?" అనుకుంట నడిచొచ్చి, ఇదేంది అన్నట్టు సక్కగ ఫోన్ ముంగట్నే నిలవడ్డడు.

"ఎవరాయన?" అన్నది ముస్కాన్.

"మా మసీదు ఇమామ్ సాబ్" అన్నడు జావెద్, సూది పడ్డంత సేపట్ల.

ముస్కాన్ గబగబ నెత్తి మీద కొంగు సర్దుకోని సలాం చెప్పింది. ఎవరో ఆడమనిషి మర్యాదగ సలాం చెప్తె యాసిర్ ఊకుంటడా? ఛాతి మీద చెయ్యి పెట్టుకోని, బదులు సలాం చెప్పి, అల్లా నీకు బర్కత్ ఇయ్యాలెనని నిండు అరబ్బీల పెద్ద దువా చేసిండు. ముస్కాన్ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఇస్తారి యాసిర్ చెయ్యి పట్టుకోని, మేకలకేమైందో జూద్దురు రాండ్రని పక్కకు గుంజుకపోయిండు. వాన ఆగింది. ఆగితె ఆగె, వాన ఆగదా ఏంది.

అక్కడికి ఫోన్ బందు పెడితె ఈ కథే లేకుండె. ముస్కాన్ "కొట్టం బాగున్నది, కాని ఉచ్చ ఎటు పోతది?" అని అడిగింది. జావెద్ నోరు తెరిచేటాళ్లకే భూమేశ్ ఫోన్ పట్టుకోని లోపలికి పోయిండు. నేల వాటం చూపెట్టిండు, మోరి చూపెట్టిండు, మోరి అంచు మీద ఏలుతోటి ఒక చుట్టు చుట్టిండు. జావెద్ ఎనక నెత్తి కొట్టుకుంటుండు. ముస్కాన్ ఎంత మురిసిందంటె, మా ప్రాజెక్టుల ఇసొంటి కొట్టం ఇంకోటి లేదు, పైసలిచ్చిన విదేశీయులనే పడవల తీస్కచ్చి చూపెడ్త అన్నది.

ఆ రాత్రి జావెద్ బువ్వ ముట్టలే. "వంకర కట్టమన్న" అన్నడు ఒక్కటే మాట. భూమేశ్ గోడ దిక్కు తిరిగి పన్నడు. తప్పు తనదే అని తెలుసు. ఆ మోరి చూపెట్టకపోతె పీడ పోయేదని తెలుసు. చూపెట్టకుంట ఉండుడు మాత్రం తన తోటి కాదని గూడ తెలుసు.

విదేశీయులు తయ్యబా ఊరికి పోయిన దినం ఇద్దరు సైట్ల ఉన్నరు గని పని మీద పానం లేదు. రూమ్‌కు రాంగనే తయ్యబా వీడియో కాల్ చేసింది. ఏడుస్తదేమో అనుకున్నరు. నవ్వుతుంది. మామూలు నవ్వు గాదు, చెంగు నోట్లె కుక్కుకోని నవ్వుతుంది. జావెద్ పక్కనుంచి హిందీల చెప్పుకుంట పోయిండు.

పడవల వచ్చిన దొరల్ని తయ్యబా ఇంటెనుకకు తోలుకపోయిందట. అక్కడంత నీళ్లే. నీళ్ల దిక్కు చెయ్యి చూపెట్టి, "ఇగో ఇక్కడుండె. మొన్న వరదకు కొట్టుకపోయింది" అని గొల్లుమన్నదట. మరి నీ మొగడేడి అంటె, కొట్టుకపోయిన రేకుల కోసం నది ఎంబడి పోయిండన్నదట. దొరలు ఆ నీళ్లకే ఫొటోలు తీసుకున్నరట. ఒకామె తయ్యబాను కావలిచ్చుకున్నదట. మేకలు వెంటనే ఇయ్యాలె, ఇటుకలు మల్ల ఇయ్యాలె అని అక్కడికక్కడే చెప్పిన్రట.

జావెద్ మంచమెక్కి గంతులేసిండు. భూమేశ్ మొఖం మాత్రం మాడిపోయింది.

"నేను కట్టిన గోడ కొట్టుకపోయిందా?"

"భాయ్, అది ఇబ్రిల నిలవడే ఉన్నది గద."

"వాళ్లకు తెలుసా? గట్టిగ తంతెనే పగలని గోడ, నీళ్లకు పోయిందని చెప్తవా? ఇంకేదన్న చెప్పకపోయినవా చెల్లె?"

తయ్యబా నవ్వాపుకోని, "ఏం చెప్పాలె భయ్యా, దొంగలెత్తుకపోయిన్రని చెప్పాల్నా?" అన్నది. ఆపకుంట ఇంకోటి గూడ అన్నది. "ఆఫీసరమ్మ గుసగుస చెప్పింది, ఈసారి జర మంచి మేస్త్రీని పెట్టుకోమని."

అగో, ఆ మాట భూమేశ్‌కు ముల్లు లెక్క దిగింది. తయ్యబాకు కొత్త ఇటుకలొచ్చినయని జావెద్ చెప్పినా మురవలే. మల్ల శుక్రారం ఒక్కడే తోటకు పోయి, ఆ గోడను గట్టిగ తన్నిండు. గోడకేం కాలే. లోపల యాసిర్ మేకలు నెమరేసుకుంట చూసినయ్. బొటనేలు వాసి భూమేశ్ కుంటుకుంట రూమ్‌కొచ్చిండు. వచ్చినంక జావెద్ ఫోన్ గుంజుకోని తానే తయ్యబాకు కలిపిండు, జావెద్‌ను పక్కనుంచి బంగ్లాల చెప్పుమన్నడు.

"చెల్లె, కొత్త ఇటుకలు ముట్టకు. నీళ్లు తగ్గినంక పునాది తియ్యాలె, నేను ఫోన్ల ఒక్కొక్కటి చెప్త."

"ఇటుకలేడియి భయ్యా, అయిపోయినయ్ గద" అన్నది తయ్యబా. "మొన్న నది మల్ల లేచింది."

ఫోన్ తిప్పి చూపెట్టింది. ఇల్లు చుట్టూత ఎర్రటి నీళ్లు. ఇంటి ముంగట తయ్యబా కట్టిన ఇటుకల అరుగు, నడుం ఎత్తు. తాడు లేదు, గుండు లేదు, ఒక దిక్కు పొట్ట ముంగటికొచ్చింది, ఇంకో దిక్కు లోపలికి పోయింది. దాని మీద పిల్లలు కూసోని బువ్వ తింటున్నరు. పిల్లల పక్కన నాలుగు మేకలు, ఒక్కదాని కాలు తడి లేదు. చిన్నబిడ్డ మేక చెవి పట్టుకోని ఫోన్ దిక్కు చూసి, నాయిన అన్నది. జావెద్ మొఖం పక్కకు తిప్పుకున్నడు.

భూమేశ్ ఆ అరుగును ఒక కొస నుంచి ఇంకో కొస దాక చూసిండు. పెదవులు కదిలినయ్, ఆపుకుందామనుకున్నడు గని ఆగలే.

"వంకరున్నది చెల్లె."

"ఉన్నది భయ్యా" అన్నది తయ్యబా. "నిలవడ్డది."

భూమేశ్ ఫోన్ జావెద్ చేతుల పెట్టిండు.

"ఆఫీసరమ్మకు చెప్పుమను, మంచి మేస్త్రీ దొరికిందని" అన్నడు.