విభూతి పెట్టిన ఫ్లాపీ

మా మేనేజరు విరూపాక్ష గారికి భక్తి మొదలైతే ఎక్కడ ఆపాలో తెలియదు. ఆ కార్తీక సోమవారం పొద్దున్నే చెరకు మిల్లు ఆఫీసులో బీరువాకు, టైపు మిషనుకు, చివరికి నీళ్ల కుండకు కూడా తడి విభూతి మూడు వేళ్లతో అడ్డంగా పూశారు. అక్కడితో ఊరుకుంటే నేనూ దండం పెట్టుకునేవాణ్నే. నా టేబుల్ మీదున్న ఫ్లాపీకీ పూశారు. అదీ అట్ట మీద కాదు. అట్టకు కోసిన సందులోంచి లోపలి నల్లటి బిళ్ల కనిపిస్తుందే, సరిగ్గా అక్కడ.

ఆ ఫ్లాపీలో ఉన్నది ప్రింటర్ డ్రైవర్. అంటే కంప్యూటర్ చెప్పేది ప్రింటర్‌కు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రాము. మాది హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నేర్చుకున్నదంతా మరిచిపోయేది. మళ్లీ ఫ్లాపీ పెట్టి డ్రైవర్ ఎక్కించాలి. పూజ అయిన కాసేపటికే కరెంటు పోయి వచ్చింది.

అప్పుడే రాయికోడ్ నుంచి గిరిజమ్మ ట్రాక్టరు నిండా చెరకుతో దిగింది. కూలీలు దొరికారని, పర్మిట్ చేతికి రాకముందే చెరకు కొట్టించేసింది. కంప్యూటర్ కొట్టిన పర్మిట్ లేనిదే మిల్లు గేటు తెరవరు. ఆ రూలు పెట్టిందీ విరూపాక్ష గారే. కొట్టిన చెరకు ఎండలో నిలబడితే తూకం పడిపోతుంది. అది ఆమె ఏడాది పంట.

"జర జల్ది ఇయ్యి సారు. ఎండకు కట్టెలైతున్నది" అంది.

ఫ్లాపీ పెట్టాను. కంప్యూటర్ గరగరమని మూలిగి, చదవలేనంది. తీసి జేబురుమాలుతో తుడిచాను. విభూతి వచ్చింది, దాంతోపాటు నల్లపూతా వచ్చింది.

"గిదేం పని సార్? డ్రైవర్ మొత్తం పోయింది!" అని అరిచాను.

"విభూతి పెడ్తె ఖరాబైతదా? నీకే నమ్మకం లేదు. ఇంకోసారి పెట్టి సూడు" అన్నారాయన అగరొత్తి వెలిగిస్తూ.

తీగ పీకి మళ్లీ పెట్టాను. ప్రింటర్ ఆపి తిరిగి వేశాను. కంప్యూటర్‌లో కనిపించే వేరే ప్రింటర్ల పేర్లు ఒక్కొక్కటీ ఎంచి చూశాను. ఒకదానికి కాగితమంతా జరిపి ఒక్క చుక్క కొట్టింది. ఇంకోదానికి గిరిజమ్మ పేరుండాల్సిన చోట వరసగా నక్షత్రాలు, ప్రశ్నార్థకాలు, పళ్లికిలించే బొమ్మ ఒకటి. ఒళ్లు మండిపోయింది.

"చేతితోని రాసిద్దాం సార్" అన్నాను.

"నేను పెట్టిన రూలు నేనే తప్పాల్నా? జనం నవ్వుతరు" అన్నారు విరూపాక్ష గారు.

గిరిజమ్మ లేచి, ప్రింటర్‌లో వేలాడుతున్న ఆ నక్షత్రాల కాగితాన్ని చర్రున చింపుకుంది.

"అమ్మా, దాంట్ల ఏం లేదు!"

"ఎప్పుడున్నది సారు? నాకైతే సదువు రాదు. గేటు కాడ గుండయ్యకు వస్తదా ఏంది?"

ఆమె ట్రాక్టరెక్కేసింది. మిల్లు గేటు ఆఫీసుకు దూరం. నేను సైకిలెక్కి బొంబాయి రోడ్డు మీద లారీల మధ్య పడుతూ లేస్తూ వెంటపడ్డాను. ఆమెను గేటు దగ్గర నిలబెట్టి అవమానిస్తారేమోనని నా భయం.

గుండయ్య కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అంచులు వేలితో తడిమాడు. ఇనుప కడ్డీకి గుచ్చి గేటు తెరిచాడు. చెరకు కాటా మీదికి వెళ్లిపోయింది.

"గుండయ్యా, ఏమున్నదో సూసినవా దాంట్ల?" అన్నాను, రొప్పుతూ.

"సూసేదేమున్నది సారు? అంచులకు బొక్కలున్నయి. మిషన్ కాగితమే."

నాకు ప్రాణం కుదుటపడింది. మరుక్షణమే గుండయ్యను కొట్టాలనిపించింది. ఒక్కో రైతు పేరు తప్పు పడకూడదని సీజనంతా బుర్ర బద్దలు కొట్టుకున్నవాణ్ని నేను. ఆ బొక్కలేమో ప్రింటర్ కొట్టేవి కావు, కాగితం కొన్నప్పుడే ఉంటాయి.